పాత ట్రాక్టరు కొనుటకు ముందు

(తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల రైతుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



నేను పంటల శాస్త్రము బోధించువాడను. ఇంజను విప్పి బిగించుట నా వృత్తి కాదు. అయినను ఈ దినము పాత ట్రాక్టరును గురించి మాట్లాడుటకు ఒప్పుకొనుటకు కారణము కలదు. ముందు అది చెప్పి తరువాత విషయములోనికి వచ్చెదను.

2025 మే నెలలో మా పెద్దన్నయ్య ఒక పాత ట్రాక్టరు కొన్నాడు. 45 అశ్వశక్తి బండి, ఎనిమిదేండ్ల పాతది. రంగు కొత్తగా వేసియున్నది. వెనుక టైర్లు బాగుగనే ఉన్నవి. మధ్యవర్తి తాళము త్రిప్పగానే ఇంజను పలికినది. అన్నయ్య నాకు ఫోను చేసి, "ఒరే, ఒక్క దెబ్బకే స్టార్టయినదిరా, ఇంక చూచేదేమున్నది?" అన్నాడు. నేనును సరే అన్నాను. జూలైలో దమ్ము ప్రారంభించిన మూడవ దినమున గేరుపెట్టె కీచుమని అరచి బండి మడిలోనే నిలిచిపోయినది. విప్పి చూడగా బేరింగులు తుప్పు పట్టియున్నవి. అడుగున బురద కూడ కనబడినది. మరమ్మతుకు 68 వేలు అయినది. అయితే అన్నయ్యకు నిజముగా తగిలిన దెబ్బ ఆ 68 వేలు కాదు. విడిభాగములు వచ్చి బండి లేచునప్పటికి 13 దినములు పట్టినది. ఊరిలోని బాడుగ ట్రాక్టర్లన్నియు అప్పటికే మాటయిచ్చిన మళ్లలో తిరుగుచున్నవి. నారుమడిలో బి.పి.టి. 5204 నారు ముదిరిపోయినది.

ఈ రకము మన బాపట్లలోనే రూపొంది 1986లో విడుదల అయినది. సాంబమసూరి అని మీరందరు ఎరిగినదే. సుమారు అయిదు నెలల పంట. 25 నుండి 30 దినముల నారు నాటిన బాగుగ పిలకలు వేయును. నలువది దినములు దాటిన నారు నాటినచో పిలకలు తగ్గును, కంకి చిన్నదగును. కోత వెనుకబడును. దానితో వరి మాగాణిలో చల్లు మినుముకు దక్కు తేమయు తగ్గును. అన్నయ్యకు ఆ యేడు ఎకరమునకు అయిదారు బస్తాలు పోయినవి. గేరుపెట్టెలోని నీరు ధాన్యపు రాశివరకు వచ్చినదని నాకు అప్పుడు తెలిసినది. పంటల శాస్త్రము చెప్పువాడు ట్రాక్టరు మాట ఎత్తుటకు ఇదియే కారణము.

ఆ గేరుపెట్టె విప్పిన మేస్త్రి తెనాలిలో ముప్పది ఏండ్లనుండి పనిచేయుచున్న పెద్దమనిషి. ఆయన నాతో, "మాస్టారూ, మీరు బండిని చూచినారు గాని అది ఎక్కడ బతికినదో అడగలేదు" అన్నాడు. నేను ఈనాడు చెప్పబోవునది చాలవరకు ఆ మాటకు వివరణమే.

మన మూడు ప్రాంతములు ముప్పది మైళ్లలోపలనే ఉన్నను, ట్రాక్టరు అరుగు విధము మూడు చోట్ల మూడు రకములుగా ఉండును. తెనాలి వైపు నల్లరేగడి మాగాణులు. అక్కడి బండి ఇనుప చక్రములు కట్టుకొని ఇరుసులోతు బురదలో దమ్ము చేసినది. దానికి ముందుగా దెబ్బతినునవి వెనుక ఇరుసు సీళ్లు, ముందు చక్రముల బేరింగులు, బ్రేకులు. బాపట్లనుండి చీరాల వరకు సముద్రపు ఒడ్డున ఇసుక నేలలు. వేరుసెనగ, కూరగాయల పొలములలో తిరిగిన బండికి బురద బాధ తక్కువ గాని, సన్నని ఇసుక దుమ్ము గాలితో కలిసి ఇంజనులోనికి పోయి లైనర్లను, పిస్టను రింగులను ఆకురాయివలె అరగదీయును. రేపల్లె, నిజాంపట్నము వైపు చౌడు నేలలు, రొయ్యల చెరువులు. ఉప్పునీటి దగ్గర పనిచేసిన బండికి చక్రపు రిమ్ములు, రేకులు, వైర్ల కొసలు తుప్పు తినియుండును. అంతేకాక చెరువు గట్టున ఒకేచోట నిలబడి పి.టి.ఓ.తో పంపు నడిపిన బండి, టైర్లు అరుగకుండగనే వేల గంటలు తిరిగియుండవచ్చును. టైరు చూచి వయస్సు కట్టువారు ఇక్కడనే మోసపోవుదురు.

కావున బండి దగ్గరకు పోయినప్పుడు మొదటి ప్రశ్న "ధర ఎంత?" అని కాదు. ఏ ఊరిలో పనిచేసినది, దమ్ములోనా, మెట్టలోనా, ఇసుక తోలినదా, ఇటుక బట్టీకి తోలినదా, చెరువు గట్టున ఉన్నదా అని అడుగవలెను. జవాబు నిజమో కాదో బండియే చెప్పును. వెనుక హుక్కు కన్నము గుండ్రముగా ఉండక కోడిగ్రుడ్డువలె సాగియున్నచో అది బరువు లాగిన బండి. పొలము పనికే వాడినామన్న మాట నమ్మనక్కరలేదు. ఇరుసు అంచున, రిమ్ము బోల్టుల చుట్టును ఇనుప చక్రములు రాచుకొన్న గాట్లు ఉన్నచో దమ్ము చేసినది. గంటల మీటరు 2,000 చూపుచు, క్లచ్చి పెడలు రబ్బరు పూర్తిగ అరిగి ఇనుము మెరయుచున్నచో మీటరు మార్చినారని గాని, చాలకాలము ఆగిపోయినదని గాని గ్రహింపవలెను. మీటరు తిరుగుచున్నదో లేదో అరగంట నడిపి చూచిన తెలియును.

ఇక వరద మాట. 2024 సెప్టెంబరు 2వ తేదీన ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు క్రిందికి పోయినది. కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె వైపు లంకలలోనికి ఎంత నీరు వచ్చినదో మీకు నేను చెప్పనక్కరలేదు. అంతకుముందు 2023 డిసెంబరు 5న మిచౌంగు తుపాను బాపట్ల దగ్గర తీరము దాటినది. ఈ రెంటిలోను నీటిలో నిలిచిన బండ్లు ఎన్నో ఉండును. నీట మునిగిన బండిని వెంటనే విప్పి కడిగి, ఆయిళ్లన్నియు మార్చి వాడుకొన్నవారును ఉన్నారు. వారి బండ్లు బాగుగనే నడుచుచున్నవి. పైన రంగు వేసి అమ్మివేసినవారును ఉన్నారు. మా అన్నయ్య కొన్న బండి ఈ రెండవ తెగలోనిది.

మునిగిన బండిని గుర్తుపట్టుట కష్టము కాదు, ఓపిక కావలెను. సీటు క్రింద, పనిముట్ల పెట్టె అడుగున, డాషుబోర్డు వెనుక, బ్యాటరీ పళ్లెము మూలలలో చేయి పెట్టి చూడవలెను. నీటి గొట్టముతో కడిగినవారు అక్కడివరకు కడుగరు. సన్నని ఒండ్రు పొడిగా వ్రేలికి తగులును. లైట్ల అద్దము లోపల నీటి గీత ఉండును. రబ్బరు గొట్టముల మీద, ఆయిలు పైపుల మీద కూడ రంగు పడియున్నచో ఆ రంగు తొందరలో వేసినదని అర్థము. నా మట్టుకు నేను కొత్త రంగు వేసిన పాత బండి కంటె రంగు వెలసిన బండినే ఎక్కువ నమ్ముదును.

అన్నిటికంటె ముఖ్యమైనది గేరుపెట్టె పరీక్ష. ఇది మేస్త్రి నాకు నేర్పినది. గేరుపెట్టెకు, వెనుక ఇరుసు పెట్టెకు గాలి ఆడుటకు చిన్న రంధ్రము ఉండును. పనిచేసి వేడెక్కిన పెట్టె ఒక్కసారిగా చల్లని నీటిలోనికి దిగినప్పుడు లోపలి గాలి ముడుచుకొని, ఆ రంధ్రము నుండియు, అరిగిన సీళ్లనుండియు నీటిని పీల్చుకొనును. వరదలోనే కాదు, లోతు దమ్ములోను ఇట్లే జరుగును. ఆయిలు కంటె నీరు బరువు. బండి రాత్రి అంతయు కదలకుండ నిలిచియున్నచో నీరు అడుగునకు చేరును. తెల్లవారి, ఇంజను తీయకముందే, యజమాని అనుమతితో అడుగున ఉండు డ్రెయిను నట్టును పూర్తిగ విప్పక కొద్దిగ వదులు చేసి, తెల్లని గిన్నె పట్టవలెను. మొదట వచ్చునది నీరయినచో సంగతి తెలిసిపోయినది. వచ్చిన ఆయిలు మజ్జిగ రంగులో ఉన్నను అదే అర్థము. నీరు ఆయిలుతో చిలుకబడి కలిసిపోయినది. ఇనుప తునకలు మెరసినచో పండ్లు అరుగుచున్నవి. యజమాని ఈ పరీక్షకు ఒప్పుకొననిచో నేను ఆ బండి కొనను. కారణము అడుగవలసిన పనియు లేదు.

ఇంజను బోరుకు వచ్చినదని తెలిసి కూడ బండి కొనవచ్చును. ఎంత ఖర్చగునో మేస్త్రి ముందే చెప్పగలడు, అంత ధర తగ్గించి తీసికొనవచ్చును. గేరుపెట్టెలో నీరున్న బండికి ఆ లెక్క కుదరదు. విప్పువరకు ఎన్ని బేరింగులు, ఎన్ని పండ్లు పోయినవో ఎవరును చెప్పలేరు. ఈ భేదము గుర్తుంచుకొనవలెను.

ఇంజను సంగతి. ఉదయమే పోవలెను. పోగానే రేడియేటరు మీద, ఇంజను దిమ్మ మీద చేయి వేసి చూడవలెను. వెచ్చగా ఉన్నచో మీరు వచ్చుటకు ముందే ఎవరో నడిపినారు. వేడి ఇంజను ఎంత ముసలిదైనను ఒక్క దెబ్బకు పలుకును. మా అన్నయ్య మురిసిపోయిన ఆ ఒక్క దెబ్బ వెనుక సంగతి అదియే అని నా అనుమానము. వెచ్చగా ఉన్నచో, "మధ్యాహ్నము వచ్చెదమండీ, ఈలోపల తీయవద్దు" అని చెప్పి తిరిగి రావలెను.

చల్లగా ఉన్నప్పుడే రేడియేటరు మూత తీసి నీటిపై నూనె తేలుచున్నదేమో చూడవలెను. వేడి మీద ఆ మూత ఎన్నడును తీయరాదు, ముఖము కాలును. ఆయిలు కొలత కడ్డీ తీసి వ్రేళ్ల మధ్య రుద్ది చూడవలెను. నల్లగా ఉండుట తప్పు కాదు, డీజిలు ఇంజనులో ఆయిలు త్వరలోనే నల్లబడును. తెల్లగా నురగవలె ఉన్నచో నీరు దిగినది. హెడ్డు గాస్కెట్టు గాని, లైనరు వాషర్లు గాని, దిమ్మ పగులు గాని కారణమై ఉండును. పై గీతకు మించి ఆయిలు ఉండి, పలుచబడి, డీజిలు వాసన వచ్చుచున్నచో పంపులోనుండి డీజిలు ఆయిలులోనికి దిగుచున్నది. ఆయిలు నిండుగ ఉన్నదని అక్కడ సంతోషింపరాదు.

ఇంజను తీసిన తరువాత పొగ చూడవలెను. మొదట కొద్ది సేపు తెల్లపొగ వచ్చి ఆగిపోయిన పరవాలేదు. వేడెక్కిన తరువాత కూడ తెల్లపొగ ఆగనిచో కంప్రెషను తగ్గినదో, నాజిల్సు చెడినవో, నీరు లోపల కాలుచున్నదో చూపించుకొనవలెను. నీలిపొగ ఆయిలు కాలుచున్నదనుటకు గుర్తు. బరువు మీద కొంచెము నల్లపొగ సహజము. ఖాళీగా తిరుగుచున్నప్పుడే నల్లగా చిమ్మిన సహజము కాదు. ఇంజను బాగుగ వేడెక్కిన పిమ్మట ఆయిలు పోయు మూత తీసి చూచినచో, రింగులు బాగున్న ఇంజనులో కొద్దిపాటి ఆవిరి మాత్రము ఆడును. బుసబుసమని పొగ తన్నుచు మీ చేతిని నెట్టినచో బోరు దగ్గర పడినది. ఆ వేడిలోనే, ఇంజనును నిదానముగ తిప్పుచు, ఆయిలు ప్రెషరు ముల్లు ఎక్కడ నిలిచినదో చూడవలెను. చల్లని ఇంజనులో ముల్లు అందరికిని మంచి కబురే చెప్పును.

ఇసుక నేలల బండి అయినచో ఇంకొక సులభమైన పరీక్ష కలదు. ఇంజను ఆపి, గాలి శుద్ధిచేయు డబ్బా నుండి ఇంజనుకు పోవు రబ్బరు గొట్టము తీసి, లోపల తెల్లగుడ్డతో తుడువవలెను. డబ్బాలో దుమ్ము ఉండవలసినదే, దాని పనియే అది. దాటిన తరువాత గొట్టములో దుమ్ము ఉన్నదనగా ఆ ఇంజను ఎన్నాళ్లుగానో ఇసుక మేయుచున్నది.

నడిపి చూచుట విషయములో మనవారు రోడ్డు మీద ఒక చుట్టు త్రిప్పి దిగెదరు. అది చాలదు. రోటవేటరు గాని గొర్రు గాని కట్టి, కనీసము అరగంట మడిలో నడుపవలెను. బరువు పడినప్పుడే గేరు జారుట, క్లచ్చి జారుట, ఇంజను వేడెక్కుట బయటపడును. క్లచ్చికి ఇంకొక పరీక్ష: ఎదుట ఎవరును లేని చోట బ్రేకులు గట్టిగ తొక్కిపట్టి, పై గేరులో క్లచ్చిని మెల్లగ వదలవలెను. ఇంజను ఆగిపోవలెను. ఆగక తిరుగుచునే ఉన్నచో క్లచ్చి ప్లేటు అరిగినది. బరువుతో లిఫ్టును పూర్తిగ లేపి ఇంజను ఆపి చూడవలెను. కొద్ది నిమిషములలోనే పనిముట్టు నేలకు దిగిపోయినచో లోపల సీళ్లు కారుచున్నవి. ఆ సమయమున దాని క్రింద పిల్లలను గాని, కాలుసేతులను గాని ఉంచరాదు. కుడి, ఎడమ బ్రేకులు విడివిడిగ తొక్కి చూడవలెను, దమ్ములో మలుపు తిప్పుటకు రెండును కావలెను. పి.టి.ఓ. వేసి, తీసి, చప్పుడు వినవలెను.

ముందు చక్రమును జాకీతో లేపి పైన క్రింద పట్టి ఊపినచో కింగుపిన్ను, బేరింగుల వదులు చేతికే తెలియును. వెనుక రిమ్ము లోపలివైపు ఆయిలు చారలున్నచో ఇరుసు సీలు పోయినది. టైర్లు, బ్యాటరీ, లైట్లు కంటికి కనబడునవే. వాటి ఖరీదు ధరలో తగ్గించుకొనవలెను గాని, వాటిని చూచి కొనుటయు మానుటయు రెండును కూడదు.

ఇది అంతయు మీరొక్కరే చేయనక్కరలేదు. మీకు నమ్మకమైన మేస్త్రికి ఒక దినపు కూలి ఇచ్చి వెంట తీసికొని పోవలెను. మధ్యవర్తి తెచ్చిన మేస్త్రి వలదు. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. ట్రాక్టరు నడుపుట, కాపాడుకొనుట అక్కడ రైతులకు నేర్పుదురు. ఇంటిలో చదువుకొన్న కుర్రవాడో, అమ్మాయో ఉన్నచో పంపుట మంచిది.

కాగితముల విషయము మనవారికి విసుగు. అయినను వినవలెను. ఆర్.సి.లోని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీది అంకెలతో ఒక్కొక్కటిగ సరిచూడవలెను. అంకెల చోట ఆకురాయి గీతలున్నచో వెంటనే తిరిగి రావలెను. బండి నంబరుతో రవాణా శాఖవారి పరివాహన్ లో చూచినచో బ్యాంకు అప్పు, బీమా గడువు తెలియును. అప్పు తీరినదని నోటిమాట చాలదు. బ్యాంకు ఇచ్చిన నిరభ్యంతర పత్రము, ఫారం 35 చేతికి రావలెను. పేరు మార్పునకు ఫారం 29, ఫారం 30. తెలంగాణనుండి గాని, కర్ణాటకనుండి గాని తెచ్చిన బండి అయినచో అక్కడి కార్యాలయపు నిరభ్యంతర పత్రము, అనగా ఫారం 28 కూడ కావలెను. ట్రక్కునకు వేరే రిజిస్ట్రేషను ఉండును. ఇంజనుతోపాటు ట్రక్కు కొన్నవారిలో చాలమంది దాని కాగితములు అడుగుటయే మరతురు. రిజిస్ట్రేషను 15 సంవత్సరములవరకు చెల్లును, ఆ పైన తనిఖీ చేయించి పొడిగించుకొనవలెను. కావున పదునాలుగేండ్ల బండికి ఆ ఖర్చు కూడ లెక్క వేసికొనవలెను.

సంతకము చేసిన ఖాళీ ఫారములు జేబులో పెట్టుకొని, పేరు మార్చక సంవత్సరముల తరబడి బండి త్రిప్పువారు మన గ్రామములలో ఎందరో కలరు. అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణా కార్యాలయమునకు తెలుపవలెనని చట్టము. ప్రమాదము జరిగినప్పుడు రికార్డులో ఎవరి పేరున్నదో వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున ఇది కొన్నవారి బాధ మాత్రమే కాదు. బండి అమ్మి డబ్బు తీసికొని హాయిగా ఉన్నవారికి కూడ నాలుగేండ్ల తరువాత కోర్టునుండి కాగితము రావచ్చును. బీమాను కూడ 14 దినములలో మీ పేరునకు మార్చమని దరఖాస్తు ఇవ్వవలెను. పేరు మార్పు అగువరకు ధరలో కొంత భాగము నిలిపి ఉంచుట మా ఊరి పెద్దల పద్ధతి. నాకు అది సబబుగనే తోచినది.

ఎప్పుడు కొనవలెను? మాగాణి రైతు జూన్, జూలై నెలలలో కొనరాదు. కాలువకు నీరు వదలిన తరువాత ధర పెరుగును, పరీక్షించుటకు తీరిక ఉండదు. మినుము ఇంటికి చేరిన పిమ్మట, మార్చి, ఏప్రిల్ నెలలలో కొన్నచో మరమ్మతునకు రెండు నెలల వ్యవధి దొరకును. రెండు మూడు ఎకరముల రైతు అసలు కొనవలెనా అన్నది ఇంకొక ప్రశ్న. ఏటా బాడుగకు ఎంత ఇచ్చుచున్నాడో వ్రాసికొని, అప్పు వడ్డీతో పోల్చి చూచినచో చాలమందికి బాడుగయే మేలని తేలును. నలుగురు అన్నదమ్ములు కలిసి కొన్నచో అది వేరు మాట. అయితే డ్రైవరు ఒక్కడే ఉండవలెను.

కొన్న తరువాత మొదటి పనిగా ఇంజను ఆయిలు, గేరు ఆయిలు, ఫిల్టర్లు అన్నియు మార్చి, ఆనాటి మీటరు గంటలు ఒక పుస్తకములో వ్రాయవలెను. తరువాత ప్రతి దమ్ము కాలము ముగియగానే గేరు ఆయిలు అడుగు చూచుచుండవలెను. రేపు ఆ బండి అమ్మునప్పుడు ఆ పుస్తకము చూపిన మీకే మంచి ధర వచ్చును.

బయట చెట్టు క్రింద ఒక పాత ట్రాక్టరు నిలిపియున్నాము. నిన్న సాయంకాలమునుండి దానిని ఎవరును కదపలేదు. తెనాలి మేస్త్రిగారు రెంచి, తెల్లగిన్నె పట్టుకొని అక్కడనే ఉన్నారు. ఎండ ఎక్కకముందే పోయి ఆ నట్టు వదులు చేసి చూతము, రండి.